ఎదుటి జట్టు లేకుండా మూడు గేములు: నెల్లూరు గేమ్ జోన్ బౌలింగ్ లేన్లు ఎంతవరకు పనికొస్తాయి?

రేటింగు ముందే చెప్పేస్తాం. పిల్లల పుట్టినరోజుకైతే నాలుగు స్టార్లు, లీగు పద్ధతిలో ఆడేవాళ్ళకు మూడు. ఆ తగ్గిన స్టారు గురించే ఈ రాతంతా. గేమ్ జోన్ పేరు రాయడం లేదు, ఊళ్ళో ఆడేవాళ్ళకు చెప్పక్కర్లేదు కూడా.

నెల్లూరులో బౌలింగ్ ఆడే నలుగురు దొరకడం కష్టం కాదు. వాళ్ళ మీద ఆడే ఇంకో నలుగురు దొరకడమే కష్టం. ఒంగోలు నుంచి జట్టు రావాలంటే సుమారు 120 కిలోమీటర్లు, చెన్నై ఇంకా దూరం. అందుకని ఇక్కడ లీగు పెట్టుకుంటే చాలా వారాలు 'బై'తోనే, అంటే ఎదుటి జట్టు లేకుండానే, గడుస్తాయి. అలాంటి రోజు మొదటి గేము బాగానే సాగుతుంది. రెండో గేము ఆరో ఫ్రేముకి (గేముకి పది ఫ్రేములు, ఒక్కోదాంట్లో పది పిన్నులు పడగొట్టడానికి రెండు బంతులు) ఫోన్లు జేబుల్లోంచి బయటికొస్తాయి. ఎదురుగా దాటాల్సిన అంకె లేకపోవడమే కారణం.

ఆ అంకె మనమే పెట్టుకోవాలి. లీగుల్లో బై రోజున సాధారణంగా వాడే లెక్క ఇది: జట్టులోవాళ్ళ సగటుల మొత్తంలోంచి మనిషికి 10 పిన్నుల చొప్పున తీసేసి, మిగిలింది దాటితేనే గెలుపు. నలుగురి సగటులు 142, 128, 119, 111 అనుకుంటే మొత్తం 500. నలభై తీసేస్తే 460. అంటే జట్టుకు ఫ్రేముకి 46. మూడో ఫ్రేము అయ్యేసరికి 138, ఆరుకి 276 ఉండాలి. స్పేరు (రెండు బంతుల్లో పదీ పడితే), స్ట్రైకు (మొదటి బంతికే పదీ పడితే) వచ్చినప్పుడు తర్వాతి బంతుల నుంచి కలిసే బోనస్‌లు పడ్డాకే కూడండి, లేకపోతే లేనిపోని కంగారు. ఇక్కడి స్క్రీను మనిషి స్కోరు చూపిస్తుంది గానీ జట్టు మొత్తం చూపించదు. కాబట్టి కాగితం, పెన్ను తప్పవు.

కాగితం మీద ఇంకో గడి కూడా గీయండి: ఒంటి పిన్ను మిగిలి, అది తప్పిపోయిన ఫ్రేములెన్ని? ప్రతి ఫ్రేములో మొదటి బంతికి 9 పడగొట్టి మిగిలినదాన్ని వదిలేస్తూ పోతే గేముకి 90. ఆ ఒక్కదాన్నీ ప్రతిసారీ ఏరేస్తే, పదో ఫ్రేములో దొరికే అదనపు బంతికి కూడా 9 పడితే, 190. స్ట్రైకు ఒక్కటీ లేకుండానే నూరు పిన్నుల తేడా! బై రోజున ఇంతకు మించిన ప్రత్యర్థి అక్కర్లేదు. స్ట్రైకుల వెంట పడేవాళ్ళకు ఈ మాట రుచించదు, అది వేరే సంగతి.

ఒంటి పిన్నుకు 3-6-9 లెక్క తేలిక. పిన్నుల అంకెలు ముందు వరస నుంచి వెనక్కి, ప్రతి వరసలో ఎడమ నుంచి కుడికి, 1 నుంచి 10. కుడిచేతి వాటం వాళ్ళు లేన్ మీద గురి చూసే బాణం గుర్తు మార్చకుండా, స్ట్రైకుకి నిలబడే చోటు నుంచి 2వ పిన్నుకు 3 బోర్డులు (నేలలోని సన్న చెక్క పట్టీలు), 4కి 6, 7కి 9 కుడికి జరగాలి. 3, 6, 10 పిన్నులకు అదే లెక్క ఎడమకు. బంతి తిన్నగా పోతేనే ఇది సరిగ్గా కుదురుతుంది. ఇక్కడి అద్దె బంతులు ప్లాస్టిక్‌వి, దాదాపు తిన్నగానే పోతాయి కాబట్టి చిక్కు లేదు. చిక్కల్లా రెండో లేన్ అప్రోచ్ (బంతి వేయడానికి నడిచొచ్చే నేల) మీద. అక్కడ చుక్కలన్నీ అరిగిపోయి నడిమి పెద్ద చుక్క ఒక్కటే తెలుస్తోంది. లేన్ మొత్తం 39 బోర్డులు, ఆ చుక్క 20వది. బూటు అంచు దాని పక్కన పెట్టి అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవాలి. మొదటి లేన్‌లో అన్ని చుక్కలూ శుభ్రంగా ఉన్నాయి.

ఇక పిన్నులు. ఇక్కడివి తాడు పిన్నులు. ప్రతి పిన్ను తలకూ తాడు కట్టి ఉంటుంది, యంత్రం ఆ తాళ్ళతోనే పైకి లాగి మళ్ళీ నిలబెడుతుంది. తాడుతో కట్టిన పిన్ను విడి పిన్నులా ఎగరదు, పక్కదాని తాడు తగిలి పడకూడనిది పడడమూ ఉంది. అమెరికాలో బౌలింగ్ ఆటను నడిపే సంఘం యూఎస్‌బీసీ సైతం 2023లో దీన్ని మామూలు ఆటతో కలపకుండా వేరే విభాగంగా గుర్తించింది. అందుకే చెన్నైలో విడి పిన్నుల మీద వచ్చిన సగటు తెచ్చి ఇక్కడి 460 లెక్కలో కలపొద్దు. ఇవే లేన్ల మీద కనీసం తొమ్మిది గేములు ఆడి సగటు తీసుకోండి.

తాళ్ళు చిక్కుపడితే యంత్రం అన్నిటినీ పైకి లాగి, విదిలించి, మళ్ళీ దించుతుంది. మొదటి లేన్‌లో ఇది అరుదు. రెండో లేన్‌లో గేముకి రెండు మూడుసార్లు, అదీ ఎక్కువగా కుడి మూలనే. అప్పుడు నిలబడి ఉన్న పిన్నును కూడా స్క్రీను పడినట్టు చూపిస్తుంది. యంత్రం లాగేలోపు పిన్నుల వైపు ఒక చూపు చూసి కాగితం మీద రాసేయండి. కౌంటర్లో చెబితే స్కోరు సరిచేస్తారు, విసుక్కోరు. కరెంటు పోయి జనరేటరు అందుకునే సందులో మాత్రం స్కోరంతా ఎగిరిపోతుంది. కాగితం ఉంటే దిగులు లేదు.

లీగులో మాదిరి ఒక ఫ్రేము ఈ లేన్‌లో, తర్వాతిది ఆ లేన్‌లో ఆడాలంటే మామూలు రోజుల్లో పొద్దున పూట రెండూ ఇస్తారు, అదనపు డబ్బు అడగరు. అయితే వీళ్ళ సాఫ్ట్‌వేరు రెండు లేన్ల ఫ్రేములను కలిపి లెక్కగట్టదు, స్ట్రైకు బోనస్‌లు తప్పుగా పడతాయి. మళ్ళీ కాగితమే గతి. ఇంకోటి, రెండు లేన్లు దొరికాయి కదా అని ఇద్దరిద్దరు ఒకేసారి వేయకండి. ఎదుటి జట్టు ఉంటే వాళ్ళు వేసేటప్పుడు దొరికే విరామం ఇక్కడ ఉండదు. మూడో గేముకి చెయ్యి బరువెక్కి, బలం పెట్టి విసరడం మొదలై, బంతి ఎడమకు లాగుతుంది. ఒకరు వేసి కూర్చున్నాకే ఇంకొకరు లేవాలి.

బంతులు 6 నుంచి 16 పౌండ్ల దాకా ఉన్నాయి. 10, 12 పౌండ్లవి మాత్రం తక్కువ, తొందరగా వెళ్ళి పట్టుకోండి. బొటనవేలు పూర్తిగా దించి అరచెయ్యి పరిస్తే, మధ్యవేళ్ళ రెండో కణుపు గీత రంధ్రం లోపలి అంచును పావు అంగుళం దాటాలి. బొటనవేలి రంధ్రం వదులైతే పిడికిలి బిగుసుకుని బంతి ఆలస్యంగా వదులుతారు. వాడే ముందు రంధ్రాలు తుడవండి, పక్కనే ఫుడ్‌కోర్టు పెట్టిన పాపానికి చీజ్ జిడ్డు ఉంటోంది.

బూట్లు పర్వాలేదు, 11 సైజు దాటితే దొరకవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన ఊరి వానల్లో, జాగ్రత్త. తడి అడుగుతో అప్రోచ్ ఎక్కితే జారాల్సిన కాలు పట్టేసి మోకాలు మెలిపడుతుంది. వాష్‌రూముకి అద్దె బూట్లతో వెళ్ళొద్దు.

మనిషికి గేము 150, శని ఆదివారాల్లో 200. నలుగురు మూడేసి గేములు మామూలు రోజున ఆడితే 1,800. వెళ్ళే ముందు ఫోన్ చేసి రెండో లేన్ తాళ్ళు మార్చారో లేదో అడగండి. మార్చకపోతే ఒకటో లేన్ మాత్రమే తీసుకుని, 460 కాగితం మీద పెద్దగా రాసుకుని మొదలుపెట్టండి.