ఒక్కరేనా సార్?

యాభైకి దగ్గరపడిన మగవాడు చిన్న సంచితో తిరుపతిలో లాడ్జి మెట్లెక్కితే, కౌంటర్‌లో ముందు అడిగేది ఆధార్ కార్డు కాదు. "ఒక్కరేనా సార్?" అంటారు. బస్టాండు దగ్గర ఒకచోట గోడకు తాళంచెవులు వరుసగా వేలాడుతున్నా గదులు లేవన్నారు. పక్క లాడ్జిలో ఇంటి నంబరు అడిగి తీసుకుని, నా ఎదుటే మా ఆవిడకు ఫోను చేశారు. "ఇచ్చేయండి, ఆయన ఏ అఘాయిత్యమూ చేసుకోరు" అని ఆమె పూచీ పడ్డాకే తాళం చేతికి వచ్చింది. నాకు కోపం రాలేదు. ఒంటరిగా వచ్చేవారంటే ఆ ఊరి లాడ్జీల వారికి భయం ఊరికే పట్టుకోలేదు. కొండ మీద కూడా ఒంటరి మనిషికి సాధారణంగా గది ఇవ్వరు.

నా బాధకు పేరు లేదు. ఇంటి అప్పు తీరింది, అమ్మాయి ఉద్యోగంలో చేరింది, రక్తపరీక్షల్లో ఏ లోపమూ లేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలిన దగ్గర నుంచే నిద్ర దూరమైంది. విశాఖలో ఎవరిని కదిపినా "కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లి రండి" అన్నవారే. ఎక్కడికో చెప్పినవారు లేరు. దర్శనం ఎన్ని గంటల్లో అయిందన్న వివరం అందరూ రాస్తారు. నేను రాసేది, ఇలాంటి స్థితిలో ఏ చోటు పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నది.

అందరూ మెచ్చుకునే హార్సిలీ కొండలు నాకు పనికిరాలేదు. దాదాపు 1,265 మీటర్ల ఎత్తు, నీలగిరి చెట్ల వాసన, మండుటెండల్లోనూ సాయంత్రానికి చలి. ఏనుగు మల్లమ్మ కొండ అన్న పాత పేరును, వేసవి విడిదిగా ఇక్కడ ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు హార్సిలీ పేరు మింగేసింది. తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె మీదుగా వెళ్లాలి. మదనపల్లె దగ్గర టమోటా లారీల వెనుక బస్సు చాలాసేపు ఆగింది. నేను దిగిన అతిథి గృహంలో వేడినీళ్లు పొద్దున కాసేపే, భోజనం ముందుగా చెబితేనే. అవన్నీ సర్దుకోవచ్చు. అక్కడి నిశ్శబ్దంతోనే చిక్కు. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్ల సందడి ఉంటుందట. నేను వెళ్లింది మామూలు రోజు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే లోయ ఎంతసేపని చూస్తాం? మధ్యాహ్నానికల్లా పాతికేళ్ల నాటి బదిలీ దగ్గర నుంచి నాన్నతో ఆడిన చివరి మాట దాకా ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. నిశ్శబ్దం మనశ్శాంతి ఉన్నవారికి పనికొచ్చే వస్తువు. లేనివారు డబ్బిచ్చి మరీ దాన్ని కొనుక్కోవద్దని నా సలహా.

దిగేటప్పుడు, తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బోధనలు చదువుకునే రిషివ్యాలీ అధ్యయన కేంద్రానికి వెళ్లాను. ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. అక్కడ బడి ఉంది, పిల్లలు చదువుకుంటున్నారు కాబట్టి అది సబబే. కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. జగద్గురువు రాబోతున్నాడంటూ ఆయన చుట్టూ అల్లిన సంస్థను 1929లో ఆయనే రద్దు చేశారు. సత్యానికి దారంటూ ఏదీ లేదన్నారు. దారి అడగడానికి వచ్చినవాడికి అది వినడం ఇబ్బందే. పుస్తకాల మధ్య కూర్చుని చదివినంతసేపూ ఆయన మాటలో తప్పు కనిపించలేదు, నాకు చేసుకోవడానికి పనీ కనిపించలేదు. బుర్రకు పదును కావాలనుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల ఉండదు. నా బుర్రకు అప్పటికే పదును ఎక్కువైంది.

కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎవరూ సాహసించరంటారు. నేను ప్రమాణం చేయవలసిన తగాదా ఏదీ లేదు, దండం పెట్టి వచ్చేశాను. చంద్రగిరి కోటలో రాజమహల్ బాగుంది, ఒక పూట చాలు.

ఇక కొండ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రెండోది పొట్టి దారి, కానీ నిటారు. మోకాళ్లు అరిగే వయసులో అలిపిరే మేలు. సామాను కింద అప్పగిస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, రసీదు జాగ్రత్త. గాలిగోపురం దాకా ఊపిరి ఆడదు, తరువాత చాలా దూరం చదును, చివర్లో మోకాళ్ల మెట్టు మళ్లీ పరీక్ష పెడుతుంది. నా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వంగి లేస్తోంది. ఆమెను దాటిపోయాను, కాసేపు కూలబడ్డాను, మళ్లీ ఆమే నన్ను దాటింది. ఆ ఎక్కుడులో జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న రాదు. తరువాతి మెట్టు ఒక్కటే ఉంటుంది, దానికి ఎలాగూ జవాబు చెబుతాం.

పైన గది దొరకని ఒంటరివారు యాత్రికుల వసతి సముదాయానికి వెళ్లాలి. లాకరు, చాప ఇస్తారు, డబ్బు తీసుకోరు. మరుగుదొడ్ల దగ్గర వరుస, రాత్రంతా లైట్లు, పసిపిల్లల ఏడుపు, ఎవరిదో ఫోను మోగుతూనే ఉంటుంది. నిద్రాభంగం అయ్యేవారికి నరకమే. నా పక్క చాప ఆయనది పుంగనూరు. "ఒక్కరే వచ్చారా అన్నా?" అన్నాడు. అవునన్నాను. "అయితే నా సంచి కాస్త చూస్తూ ఉండండి" అని స్నానానికి వెళ్లిపోయాడు. లాడ్జిలో అనుమానం తెచ్చిపెట్టిన ఒంటరితనం ఇక్కడ ఒక ఉద్యోగం ఇప్పించింది. ఆ రాత్రి ఎన్నో నెలలకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. మెట్ల అలసటే కావచ్చు, అయినా మంచిదే.

అన్నప్రసాద కేంద్రానికి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో బాల్యవితంతువై, ఊరి కట్టుబాట్లకు ఎదురు నిలిచి, తరిగొండ వదిలి ఈ కొండకు వచ్చిన కవయిత్రి. ఇల్లు విడిచి అర్థం వెతుక్కోవడం మన తరం కనిపెట్టిన జబ్బేమీ కాదు. ఆమెకు తరిమే ఊరు ఉండేది, నాకు అదీ లేదు. పొంగలి, అన్నం, కూర, సాంబారు, రసం, మజ్జిగ. రుచి సంగతి అడిగేవారు హోటలుకు వెళ్లవచ్చు. నేను చూస్తూ ఉండిపోయింది వడ్డించేవారిని. కండువా వేసుకుని మజ్జిగ పోస్తున్న పెద్దమనిషిని పలకరిస్తే, గుంటూరులో ఉద్యోగ విరమణ చేశానన్నారు. మరో మాటకు తీరిక లేదు, తరువాతి వరుసకు కదిలిపోయారు.

తిరుగు ప్రయాణానికి ముందు తిరుపతి దగ్గరి గుడిమల్లం శివాలయం చూశాను. బస్సుల కోసం కాచుకోవడం కన్నా ఆటో మాట్లాడుకోవడం నయం, వెళ్లిరావడానికి కలిపి ముందే బేరం చేసుకోండి. క్రీస్తు పూర్వం నాటిదని చెప్పే పరశురామేశ్వర లింగం అది. దాదాపు ఐదడుగుల రాతిలో, యక్షుడి భుజాల మీద నిలబడిన శివుడు. గర్భగుడి నేల పల్లంలో ఉంటుంది, వంగి చూడాలి. నేను తప్ప మరో యాత్రికుడు లేడు. హార్సిలీలో కరిచిన నిశ్శబ్దం ఇక్కడ నా జోలికి రాలేదు. ఆ శివుడి నిలుపులో బతిమాలించుకునే ధోరణి లేదు, ఎవరు వచ్చినా రాకపోయినా పట్టనట్టే ఉన్నాడు. అందుకేనేమో అనుకుంటాను, గట్టిగా చెప్పలేను.

వచ్చాక శ్రీవారి సేవకు పేరు ఇచ్చాను. 2000లో మొదలైన స్వచ్ఛంద సేవ ఇది. బృందంగా వెళ్లాలి, పని వారే కేటాయిస్తారు. మా కాలనీ బృందం నాయకుడు "క్యూలైన్లు ఇస్తే సరేనా?" అని అడిగారు. కూరగాయలు తరిగే చోట వేయమని కోరాను. మా ఆవిడ కూడా వస్తానంది, మెట్ల దారిన మాత్రం ఎక్కనన్న షరతు మీద.