150 పౌండ్ల హోమ్ జిమ్: కొనేముందు కేబుల్ చూడండి

సింగిల్ స్టేషన్ హోమ్ జిమ్ అంటే ఒక కుర్చీ, ఒక బరువుల దొంతర, దాన్ని లాగే కేబుళ్లు. పైనుంచి దించే లాట్ బార్, ఎదురుగా నెట్టే ప్రెస్ హ్యాండిళ్లు, చేతులు ఛాతీ ముందు దగ్గరికి తెచ్చే పెక్ డెక్, కాళ్లకు లెగ్ ఎక్స్‌టెన్షన్, అడుగున లో పుల్లీ (కేబుల్ తిరిగే గిలక), అన్నీ ఆ ఒక్క దొంతరనే కదిలిస్తాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేవాళ్లుండి, రెండు మూడేళ్ల దాకా ఇల్లు మారే ఆలోచన లేకపోతే కొనదగ్గ వస్తువే. ఒక్కరి కోసమే అయితే, అందులోనూ కాళ్ల బలం పెంచుకోవాలనుకుంటే, ఆ డబ్బు మంచి బెంచీకీ డంబెల్స్‌కీ పెట్టడం మేలు.

ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించేవి రెండు: 150 పౌండ్ల స్టాక్ (అంటే బరువుల దొంతర), 40 రకాల వ్యాయామాలు. రెండో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఒకే లో పుల్లీకి పట్టు మార్చి, నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి లెక్కేస్తే అంకె ఎంతైనా పెరుగుతుంది. లాట్ పుల్‌డౌన్, రోయింగ్, ఛాతీ ప్రెస్, ట్రైసెప్స్ పుష్‌డౌన్, బైసెప్స్ కర్ల్, లెగ్ ఎక్స్‌టెన్షన్, ఈ ఆరూ సాఫీగా జరిగితే చాలు.

మొదటి అంకెను మాత్రం జాగ్రత్తగా చూడాలి. 150 పౌండ్లంటే 68 కిలోలు, ఒక్కో పలక 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు. కానీ మీ చేతికి వచ్చే బరువు కేబుల్ ఎన్ని పుల్లీల మీదుగా ఎలా తిరిగిందో దాన్నిబట్టి ఉంటుంది. బావి గిలకలా పైన బిగించిన పుల్లీ అయితే దిశ మారుతుంది తప్ప బరువు తగ్గదు. పుల్లీ కూడా దొంతరతోపాటు పైకి కదిలే అమరికలో కేబుల్ రెట్టింపు దూరం లాగాలి, బరువు సగమే తెలుస్తుంది. అప్పుడు 68 కిలోలు కాస్తా 34 అవుతాయి. ప్రెస్ హ్యాండిల్ దగ్గర మీట పొడవు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి పిన్ను (ఎన్ని పలకలు లేవాలో ఎంచే కడ్డీ) ఒకే స్థానంలో ఉన్నా ఒక్కో వ్యాయామానికి ఒక్కో బరువు పడుతుంది. కొన్ని కంపెనీలు మాన్యువల్‌లో దీనికి పట్టిక ఇస్తాయి. అది ఉందా అని అడగండి.

షాపులో తేల్చుకోవడానికి సూట్‌కేసు తూచే చేతి కాటా చాలు. పిన్ను 50 పౌండ్ల దగ్గర పెట్టి, కాటాను లాట్ కేబుల్‌కు తగిలించి మెల్లగా లాగండి. 23 కిలోలకు కాస్త అటూ ఇటూగా చూపిస్తే బరువు నేరుగా వస్తున్నట్టు, 11 లేదా 12 చూపిస్తే సగమైనట్టు. తర్వాత అంతే మెల్లగా వదులుతూ మళ్లీ చూడండి. లాగేటప్పుడు 26, వదిలేటప్పుడు 19 వస్తే ఆ తేడా అంతా రాపిడే. కండకు పని బరువును దించేటప్పుడు కూడా పడాలి. రాపిడి ఎక్కువున్న మెషీన్‌లో సగం వ్యాయామం అక్కడే పోతుంది. స్టాక్ ఎంత పెద్దదైనా ఇలాంటిదాన్ని వదిలేయండి.

రాపిడికి మొదటి కారణం పుల్లీలు. బేరింగ్ ఉన్న పుల్లీని వేలితో తిప్పి వదిలితే చప్పుడు లేకుండా కాసేపు తిరుగుతుంది. బేరింగ్ బదులు బుష్ (నున్నటి గొట్టంలాంటి తొడుగు) మాత్రమే వేసినది తొందరగా ఆగిపోతుంది, కొన్నాళ్లకు కీచుమంటుంది. రెండోది గైడ్ రాడ్లు, అంటే పలకలు పైకీ కిందికీ జారే కడ్డీలు. ఇవి నిటారుగా, సమాంతరంగా లేకపోతే పలకలు మధ్యలో పట్టేస్తాయి. పలకలు పోత ఇనుమువా, ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవా అని కూడా చూడండి. సిమెంటువి లావుగా ఉంటాయి, దెబ్బ తగిలితే లోపల పగిలి పిన్ను రంధ్రంలోకి పొడి రాలుతుంది. ఫ్రేమ్ గొట్టం చివర ప్లాస్టిక్ మూత తీయించి మందం కొలవండి. 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టానికి 2 మిల్లీమీటర్ల రేకు ఉంటే నిశ్చింత. ఒకటిన్నర ఉన్నవి లాట్ బార్ గట్టిగా లాగినప్పుడు పైన ఊగుతాయి.

ఇక ఇంట్లో చోటు. మెషీన్ కొలతలు సుమారు 5 అడుగులు, నాలుగడుగులు అని రాసినా, లాట్ బార్ రెండు పక్కలా బయటికి వస్తుంది, కాళ్లు ముందుకు చాపాలి. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఖాళీ లేనిదే హాయిగా చేయలేరు. ఎత్తు దాదాపు 7 అడుగులు. స్లాబుతో ఇబ్బంది లేదు కానీ మన బెడ్‌రూముల్లో సామాన్ల కోసం పోసే సజ్జ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. చాలామంది మెషీన్ ఇంటికొచ్చాక గానీ దీన్ని గమనించరు. నేల బరువు మోస్తుందా అన్న భయం అక్కర్లేదు: ఇళ్ల గదులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు లెక్కగడుతుంది. 130 కిలోల మెషీన్, 80 కిలోల మనిషి కలిసినా అది పరుచుకునే చోటుకు ఆ హద్దులోనే ఉంటాయి. కింద 10 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ వేయండి, టైల్స్ మీద జారదు, పలకల చప్పుడు కింది ఫ్లాట్‌కు తగ్గుతుంది. బాల్కనీలో మాత్రం పెట్టొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో గైడ్ రాడ్లకు తుప్పు త్వరగా పడుతుంది.

బిగింపుకు ఇద్దరు మనుషులు, నాలుగు గంటలు అనుకోండి. ఫ్రేమ్ బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పి, మెషీన్ మొత్తం నిలబడ్డాక స్పానర్‌తో బిగించాలి. ఒక్కొక్కటే గట్టిగా బిగిస్తూ పోతే చివరి రంధ్రాలు కలవవు. ప్రెస్ చేతులు, లెగ్ ఎక్స్‌టెన్షన్ కదిలే కీళ్ల దగ్గర నైలాక్ నట్టును (లోపల నైలాన్ రింగు ఉండి తనంతట వదులవ్వనిది) అవి స్వేచ్ఛగా ఊగేంత వరకే బిగించాలి. కేబుల్ బిగువు అన్నిటికన్నా ముఖ్యం. వదులుగా ఉంటే మొదటి రెండు మూడు అంగుళాలు ఉత్తి లాగుడే. మరీ బిగిస్తే పై పలక కొంచెం లేచి ఉండి, పిన్ను రంధ్రంలోకి దూరదు. కొత్త కేబుల్ మొదటి వారాల్లో కాస్త సాగుతుంది కాబట్టి ఒకసారి మళ్లీ సరిచేయాలి.

గైడ్ రాడ్లను నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పూస్తే దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. కేబుల్ చివర బంతిలాంటి స్టాపర్ ఉండే చోట, పుల్లీ మీద మలుపు తిరిగే చోట నైలాన్ పూత చిట్లి లోపలి తీగలు కనిపిస్తే ఆ రోజు నుంచే వాడకం ఆపాలి. లాట్ బార్ లాగుతుండగా తెగితే బార్ నేరుగా తల మీదికి వస్తుంది.

ఈ మెషీన్ తీర్చలేనివి రెండున్నాయి. లెగ్ ఎక్స్‌టెన్షన్ తొడ ముందు కండకే పని చెబుతుంది. పిరుదులు, నడుము, తొడ వెనక భాగం స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వంగి ఎత్తడం) లాంటివాటితో గానీ బలపడవు, కాబట్టి ఒక జత డంబెల్స్ ఎలాగూ కావాలి. రెండోది, బరువు ఒక్కసారిగా నాలుగున్నర కిలోలు పెరిగే మెట్టు. పుల్‌డౌన్‌కు ఇది ఫర్వాలేదు. భుజం పక్కకెత్తే వ్యాయామానికి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు చాలా ఎక్కువ. పై పలక మీద కదలకుండా కూర్చునే ఒక కిలో, రెండు కిలోల అదనపు బరువులు అమ్ముతారేమో కనుక్కోండి. ఇంట్లో పొట్టివాళ్లు, పొడుగువాళ్లు ఇద్దరూ ఉంటే సీటు ఎత్తు మారాలి. ప్రెస్ హ్యాండిల్ ఛాతీ మధ్యకు రాకుండా భుజాల ఎత్తుకొస్తే భుజం కీలు నొప్పి పెడుతుంది.

అయినా పెద్దవాళ్లకు ఇది డంబెల్స్ కన్నా సుఖం. బరువు చేజారి కాలి మీద పడదు, మోయలేకపోతే వదిలేయొచ్చు. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మోకాళ్లు, చేతిపట్టు బలహీనపడ్డవాళ్లకు కూర్చుని చేసే ఈ పద్ధతి ఆ రెండు రోజులనూ సాధ్యం చేస్తుంది.

ఖర్చు లెక్క ఇలా వేయండి. మెషీన్ 40,000, మీ వీధిలో జిమ్ ఫీజు నెలకు 1,500 అయితే ఒక్కరికి 27 నెలలకు, ఇద్దరికి 14 నెలలకు డబ్బు గిట్టుబాటవుతుంది. 11 నెలల అగ్రిమెంటు మీద అద్దెకున్నవాళ్లు విప్పి, మోయించి, మళ్లీ బిగించే కూలి కూడా కలపాలి.

వారంటీ కాగితంలో ఫ్రేమ్‌కు ఎన్నేళ్లో కాదు, కేబుల్‌కు, పుల్లీకి ఎన్ని నెలలో చదవండి. విడిగా కేబుల్ అమ్ముతారా, ధరెంత అన్నది డబ్బు కట్టకముందే అడగండి. బిగించే రోజున ప్రతి కేబుల్ పొడవునూ, పూతతో సహా మందాన్నీ కొలిచి, రెండు చివరలా ఏ రకం కొక్కెం ఉందో ఫొటో తీసి మాన్యువల్‌లో పెట్టుకోండి. నాలుగేళ్లకు ఆ మోడల్ ఆగిపోయినా జిమ్ పరికరాలు బాగుచేసేవాళ్లు ఆ కొలతలతో కొత్త కేబుల్ చేసిస్తారు.