ఓటీపీ వస్తుంది, నంబరే నిలవదు: వర్చువల్ నంబర్లు చాలాకాలం వాడాక నా రివ్యూ

విదేశంలో ఉన్నప్పుడు వర్చువల్ నంబర్‌తో, అంటే సిమ్ కొనకుండా ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకునే ఫోన్ నంబర్‌తో, వాట్సాప్ ఖాతా తెరవొచ్చా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. తెరవొచ్చు. కాకపోతే అందరూ అడిగేది ఓటీపీ వస్తుందా రాదా అనే, వచ్చాక ఆ నంబర్ ఎన్నాళ్లు మన చేతిలో ఉంటుంది, మనం వదిలేశాక ఎవరి చేతికి పోతుంది అని ఎవరూ అడగరు, అసలు తలనొప్పంతా అక్కడే ఉంది. పని మీద దేశాలు మారుతూ ఉంటాను, కొత్తగా పరిచయమైన ప్రతివాళ్లకీ సొంత నంబర్ ఇవ్వడం ఇష్టం లేక కొన్నేళ్లుగా ఇలాంటి నంబర్లు రకరకాలవి అద్దెకు తీసుకుని వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ మూడింట్లోనూ వాడుతున్నాను. ఏ కంపెనీ దగ్గర కొనాలో మాత్రం చెప్పను, ఎందుకంటే కంపెనీ పేరు కన్నా నంబర్ ఏ రకం అన్నదే ఎక్కువ తేడా చూపించింది.

వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా పెట్టే ఉచిత నంబర్లు ఉంటాయి, వాటి జోలికే వెళ్లకండి, మీకొచ్చిన కోడ్‌ని అదే పేజీ తెరిచి కూర్చున్న ఎవరైనా చదువుకోవచ్చు. తర్వాతిది ఒక్క ఓటీపీ కోసం కొన్ని నిమిషాలు ఇచ్చే నంబర్, చవగ్గా వస్తుంది, రేపు మళ్లీ లాగిన్ అవ్వాలంటే ఆ నంబర్ మీది కాదు. మూడోది ఇంటర్నెట్ కాలింగ్ కంపెనీలు నెలకింత అని అద్దెకిచ్చే వీఓఐపీ నంబర్. నాలుగోది నిజం సిమ్‌నే ఎక్కడో ఒక పరికరంలో పెట్టి దానికొచ్చే మెసేజ్‌లు మన స్క్రీన్ మీదకి పంపేది, అమ్మేవాళ్లు దీన్ని 'నాన్ వీఓఐపీ' అంటారు, రేటు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

వీఓఐపీకి మొదటి అడ్డం యాప్ దగ్గరే పడుతుంది. వీఓఐపీ, టోల్‌ఫ్రీ, ఎక్కువ చార్జీ పడే ప్రీమియం నంబర్లతో రిజిస్టర్ అవ్వడం కుదరదని వాట్సాప్ తన హెల్ప్ పేజీలోనే రాసి పెట్టింది. వాళ్లకెలా తెలుస్తుందంటే, ఏ నంబర్ ఏ కంపెనీదో, అది మొబైలో ల్యాండ్‌లైనో వీఓఐపీయో చెప్పే లుకప్ సర్వీసులు ఉన్నాయి. ఆ సమాచారం అన్నివేళలా కచ్చితంగా ఉండదు, అందుకే ఒకే కంపెనీ ఇచ్చిన రెండు నంబర్లలో ఒకటి వెంటనే పాసైపోయి, రెండోది ఎంత గింజుకున్నా పాసవ్వలేదు. బ్రిటన్ కోడ్ +44 నంబర్లలో మొబైళ్లకి విడిగా కేటాయించిన వరుసలు ఉన్నాయి, అమెరికా, కెనడాల కోడ్ +1 లో అయితే మొబైల్‌కీ ల్యాండ్‌లైన్‌కీ అంకెల్లో ఏ తేడా ఉండదు, కాబట్టి అమ్మేవాడు 'ఇది మొబైల్ నంబరే' అంటే మనం చూసి పోల్చుకునే దారి లేదు. దీనికి తోడు ఐదారు అంకెల షార్ట్ కోడ్‌ల నుంచి వచ్చే ఎస్సెమ్మెస్‌లు చాలా వీఓఐపీ నంబర్లకి అసలు చేరవు. యాప్ 'కోడ్ పంపాం' అంటుంది, ఇక్కడ ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటుంది, సపోర్ట్ చాట్‌లో అడిగితే యాప్‌వాళ్లూ నంబర్ కంపెనీవాళ్లూ ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

యాప్‌లవాళ్లని తిట్టుకోవడం తేలికే గానీ వాళ్ల బాధ వాళ్లకుంది. సిగ్నల్ 2023లో తన ఖర్చుల లెక్క బయటపెట్టినప్పుడు, కోడ్‌లు పంపడం లాంటి రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడాదికి దాదాపు 60 లక్షల డాలర్లని చెప్పింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా, ఫలానా ఫోన్ చేతిలో ఉందని వీఓఐపీ రుజువు చేయజాలదు కాబట్టి ఇలాంటి వెరిఫికేషన్‌కి దాన్ని వాడకూడదని 2017లోనే రాసింది. న్యాయంగా చూస్తే అది తప్పు కాదు, నా దగ్గరున్న నంబర్‌కి ఫోన్ అంటూ ఏదీ లేదు, పాస్‌వర్డ్ తెలిస్తే ఏ బ్రౌజర్‌లోనైనా ఆ ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది.

కోడ్ రాకపోతే వెంటవెంటనే 'మళ్లీ పంపు' నొక్కకండి. నొక్కినకొద్దీ ఆగాల్సిన సమయం పెరుగుతుంది, నిమిషాల్లో మొదలై గంటల్లోకి పోతుంది, ఈలోపు పది నిమిషాల అద్దె నంబర్ గడువు అయిపోయి టెన్షన్ మొదలవుతుంది. టైమర్ పూర్తయ్యేదాకా ఓపిక పట్టి 'కాల్ ద్వారా కోడ్' ఎంచుకుంటే నాకు వీఓఐపీతో ఎక్కువసార్లు పనైంది. అందుకని ఎస్సెమ్మెస్ ఒక్కటే ఉన్న ప్లాన్ కొనొద్దు, కాల్స్ కూడా వచ్చేదే తీసుకోండి. తీసుకున్నాక వాయిస్‌మెయిల్ ఆపేయండి, కాల్ ఎత్తకపోతే రికార్డు చేసిన గొంతు కోడ్‌ని తాపీగా వాయిస్‌మెయిల్లో చదివేసి పోతుంది, దాని పిన్ 0000 లాంటిదైతే ఇక చెప్పేదేముంది.

ఇప్పుడు అద్దె నంబర్ అసలు రంగు. ఒకసారి నెలవారీ నంబర్ తీసుకున్న సాయంత్రమే ఇన్‌బాక్స్‌లో ఎవరికో క్లినిక్ అపాయింట్‌మెంట్ రిమైండర్ పడింది, పేరుతో సహా. మర్నాడు ఏదో డెలివరీ కోడ్, ఆ తర్వాత ఒక షాపింగ్ సైట్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకునే లింక్, అది నొక్కి ఉంటే ఆ మనిషి ఖాతా నా చేతికి వచ్చేది. అదే నంబర్‌తో మెసేజింగ్ యాప్‌లోకి వెళ్తే ఓటీపీ సరిపోయింది, పచ్చ టిక్కు పడింది, హమ్మయ్య అనుకునేలోపు ఆరంకెల పిన్ అడుగుతూ ఇంకో స్క్రీన్ వచ్చింది. ఆ పిన్ పెట్టింది నేను కాదు, ఆ నంబర్ నాకన్నా ముందు వాడిన మనిషి. వాట్సాప్‌లో ఇలాంటప్పుడు 7 రోజులు ఆగితే పిన్ లేకుండా లోపలికి రానిస్తారు, నంబర్‌ని వారానికి అద్దెకు తీసుకున్నవాళ్లకి ఆ వారం కాస్తా ఎదురుచూపులోనే పోతుంది.

మామూలు సిమ్ నంబర్లకీ ఈ బెడద ఉంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో, అమెరికాలో రెండు పెద్ద మొబైల్ కంపెనీలు కొత్త కస్టమర్ల కోసం పెట్టిన నంబర్లు 259 తీసి చూస్తే, అందులో 171 నంబర్లు అప్పటికే ఎవరెవరివో ఆన్‌లైన్ ఖాతాలకి ముడిపడి ఉన్నాయి. అక్కడ వదిలేసిన నంబర్‌ని కనీసం 45 రోజులు పక్కన పెట్టాలన్న నిబంధన ఉంది, అయినా ఆ పరిస్థితి. నేను వదిలేసిన ఒక వర్చువల్ నంబర్ అయితే కొద్ది రోజులకే అదే సైట్లో 'అందుబాటులో ఉంది' అని మళ్లీ కనిపించింది.

అందుకే ఖాతా తెరిచిన ఐదు నిమిషాల్లోనే వాట్సాప్‌లో టూ స్టెప్ పిన్ (ఓటీపీ తర్వాత అడిగే ఆ ఆరంకెల పిన్), దానికి ఈమెయిల్ పెట్టేయాలి. టెలిగ్రామ్‌లో కోడ్‌తో పాటు అడిగే క్లౌడ్ పాస్‌వర్డ్ ఇంకా ముఖ్యం, అక్కడ మామూలు చాట్లన్నీ సర్వర్‌లో ఉంటాయి, పాస్‌వర్డ్ లేని ఖాతాలోకి కోడ్‌తో దూరినవాడికి పాత సంభాషణలన్నీ కనిపిస్తాయి. సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ ఉంది, మీ పిన్ లేకుండా ఆ నంబర్‌తో ఎవరినీ మళ్లీ రిజిస్టర్ కానివ్వదు, కానీ 7 రోజులు యాప్ వాడకపోతే ఆ లాక్ ఊడిపోతుంది, ఇది చాలామందికి తెలియదు. ఇదంతా అతిజాగ్రత్త అనిపిస్తే, 2022 ఆగస్టులో కోడ్‌లు పంపే ట్విలియో కంపెనీలోకే దొంగలు చొరబడ్డ సంగతి గుర్తు చేసుకోండి, అప్పుడు సుమారు 1,900 మంది సిగ్నల్ యూజర్ల నంబర్లు ప్రమాదంలో పడ్డాయి.

ఒక్క ఓటీపీ నంబర్లు, 'నాన్ వీఓఐపీ' నంబర్లు ఎక్కడి నుంచి వస్తాయో కూడా తెలుసుకుని కొనండి. 2025 అక్టోబరులో యూరప్ దేశాల పోలీసు సహకార సంస్థ యూరోపోల్ సాయంతో లాత్వియాలో జరిగిన దాడుల్లో 1,200 సిమ్ బాక్సులు (ఒకేసారి బోలెడు సిమ్‌లు పెట్టి నడిపే పరికరాలు), 40,000 సిమ్ కార్డులు పట్టుకున్నారు. 80కి పైగా దేశాల నంబర్లు అద్దెకిచ్చిన ముఠా అది, వాటితో 4.9 కోట్లకు పైగా నకిలీ ఖాతాలు పుట్టాయని చెప్పారు. అన్ని సైట్లూ అలాంటివే అనను. కానీ అలాంటి చోట తీసుకున్న నంబర్‌తో మీ ఖాతా తెరిచిన గంటలోనే బ్యాన్ అయితే ఆశ్చర్యపోవాల్సింది లేదు, మీకంటే ముందు ఆ నంబర్‌తో ఎవరు ఎన్ని మోసాలు చేశారో యాప్‌కి గుర్తుంటుంది. నాకూ అలా ఒకటి పోయింది, రివ్యూ అడిగితే జవాబు కూడా రాలేదు. ఆ తర్వాత ఆ రకం కొనడం మానేశాను.

అసలు అవసరమే లేనిచోట కొనేవాళ్లూ ఉన్నారు. దేశం దాటినంత మాత్రాన వాట్సాప్ నంబర్ మార్చక్కర్లేదు, ఒకసారి వెరిఫై అయ్యాక పాత నంబర్‌తోనే ఏ వైఫై మీదైనా నడుస్తుంది. ఫోన్ మార్చినప్పుడు మాత్రం కోడ్ కావాలి, అందుకని సొంత సిమ్‌ని రెండో స్లాట్‌లో బతికించుకుంటూ, డేటాకి ట్రావెల్ ఈసిమ్ వేసుకుంటే చాలు. ఆ ఈసిమ్‌లు ఎక్కువగా డేటాకే పరిమితం, వాటితో నంబర్ రాదు, అది చూసుకోకుండా కొని 'కోడ్ రావట్లేదు' అనేవాళ్లు బోలెడుమంది. నంబర్ దాచుకోవడమే మీ ఉద్దేశమైతే సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ ఉంది, టెలిగ్రామ్‌లో నంబర్ ఎవరికీ కనపడకుండా సెట్టింగ్ ఉంది. వాట్సాప్ కోసమే నేనింకా అద్దె కడుతున్నాను.

ఇప్పుడు నా దగ్గరున్నది ఒకే ఒక్క వీఓఐపీ నంబర్, కాల్స్ వస్తాయి, బయటివాళ్లతో పని మాటలకే. ఇంట్లోవాళ్ల గ్రూపులు, బ్యాంకు, ఈమెయిల్ రికవరీ ఏవీ దానికి తగిలించలేదు. దాన్ని వదిలేయాల్సి వస్తే గడువుకి ముందే యాప్‌లో 'నంబర్ మార్చు' నొక్కి కొత్తదానికి మారిపోతాను, వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ మూడింట్లోనూ ఆ సౌకర్యం ఉంది, కోడ్ కొత్త నంబర్‌కే వస్తుంది కాబట్టి పాతదాంతో పని లేదు. ఆటో రెన్యువల్‌కి ఇచ్చిన కార్డు గడువు ఎప్పుడో ఒకసారి చూసి పెట్టుకోండి, ఒక్క పేమెంట్ ఫెయిలైతే నంబర్ ఎగిరిపోయే ప్లాన్లున్నాయి. కొనేముందు సపోర్ట్ చాట్‌లో ఒక్క మాట అడగండి, ఈ నంబర్‌ని వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోనిస్తారా అని. ఇంటర్నెట్ కాల్స్‌కి పేరుమోసిన స్కైప్ అంతటిది 2025 మే 5న మూతపడింది, పోర్ట్ ఇవ్వని చిన్న కంపెనీకి ఏడాది డబ్బు ముందే కట్టకండి, నెలనెలా కట్టుకోండి.