వర్డ్‌ప్రెస్సా, డ్రూపలా, హ్యూగోనా: ఏది మేలు?

ఏ సీఎంఎస్ (కోడ్ రాయకుండా సైట్‌లో రాతలు, బొమ్మలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) బాగుంటుంది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తా: సైట్ తయారయ్యాక రోజూ లాగిన్ అయ్యి అందులో రాసేదెవరు? సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

రాసేవాళ్లకి కోడ్ వాసన కూడా తెలియకపోతే ఇంకేం ఆలోచించకుండా వర్డ్‌ప్రెస్. 2003లో బ్లాగుల కోసం పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మీదే ఇప్పుడు నూటికి నలభైకి పైగా సైట్లు నడుస్తున్నాయి, కాబట్టి మీకొచ్చే సమస్య ఇంతకుముందే ఎవరికో వచ్చి ఉంటుంది, వెతికితే పరిష్కారం దొరుకుతుంది. 2018 చివర్లో వెర్షన్ 5.0తో, పేజీని ముక్కలుగా పేర్చుకునే బ్లాక్ ఎడిటర్ వచ్చినప్పుడు తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. ఇప్పుడు పాతది తెరిస్తే నాకే చిరాకు.

గొడవంతా ప్లగిన్లతోనే, అంటే అదనపు సౌకర్యాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతోనే. ఫారానికి ఒకటి, బ్యాకప్‌కి ఒకటి, గూగుల్‌లో పైన కనిపించడానికి చేసే ఎస్‌ఈఓకి ఒకటి అంటూ చూస్తుండగానే ఇరవై అవుతాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్కరు రాసింది, ఎవరు ఎప్పుడు చూసుకోవడం మానేస్తారో తెలియదు. ఓసారి పడుకోబోతూ అన్నిటికీ కలిపి అప్‌డేట్ నొక్కా, అంతే, పేజీ మొత్తం తెల్లగా, అడ్మిన్ కూడా తెరుచుకోలేదు. ఎఫ్‌టీపీలో (సర్వర్‌లోని ఫైళ్లని నేరుగా తెరిచే దారి) వెళ్లి డబ్ల్యూపీ-కంటెంట్ లోపలున్న ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చేస్తే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి సైట్ లేచింది, ఆ తర్వాత పేరు మళ్లీ సరిచేసి ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ దొంగని పట్టుకునేసరికి తెల్లారింది. 2019లో వచ్చిన 5.2 నుంచి ఇలాంటప్పుడు రికవరీ లింకు మెయిల్‌కి వస్తోంది, మీ సర్వర్ మెయిల్ పంపగలిగితే.

డ్రూపల్ సంగతి వేరు. ఉదాహరణకి కార్యక్రమాల జాబితా తీసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో చాలామంది తేదీని మామూలు వాక్యంలో టైప్ చేసేస్తారు, ఆర్నెల్ల తర్వాత 'రాబోయేవి మాత్రమే చూపించు' అంటే చేతులెత్తేయాల్సిందే. అక్కడా కస్టమ్ ఫీల్డులు (తేదీలాంటి వాటికి విడి గళ్లు) పెట్టుకోవచ్చు, కానీ దానికీ ఎక్కువమంది ఇంకో ప్లగినే వెతుకుతారు. డ్రూపల్‌లో తేదీకి ఒక ఫీల్డు, వేదికకి ఒక ఫీల్డు పెట్టి వ్యూస్ అనే జాబితాల పనిముట్టులో వడపోస్తే సరి, కోడ్ రాయక్కర్లేదు. ఎవరు రాయొచ్చు, ఎవరు పబ్లిష్ చేయొచ్చు అన్న అనుమతులు కూడా గట్టిగా ఉంటాయి. వందలమంది రాసే పెద్ద సంస్థకి నేను ఇదే చెప్తా.

కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి, అప్‌గ్రేడ్‌కి ఇంకా కావాలి. వెర్షన్ 7 నుంచి 8కి వెళ్లడం అంటే అప్‌డేట్ కాదు, ఇల్లు కూల్చి మళ్లీ కట్టడమే. అందుకే 2015లో 8 వచ్చినా, 7 మీదే ఉండిపోయిన సైట్ల కోసం గడువు జరుపుతూ జరుపుతూ 2025 జనవరికి గానీ 7కి సపోర్టు ఆపలేకపోయారు. ఆ తర్వాతి వెర్షన్ల మధ్య మారడం అంత నరకం కాదులెండి.

హ్యూగో అసలు సీఎంఎస్సే కాదు. మార్క్‌డౌన్ ఫైళ్లు (చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఇస్తే హెచ్‌టీఎంఎల్ పేజీలు చేసి పెడుతుంది. డేటాబేస్ లేదు, లాగిన్ పేజీ లేదు, హ్యాక్ అవుతుందేమోనన్న టెన్షన్ దాదాపు లేదు, వేగం సరేసరి. ఒక్కడినే రాసుకునే నా సొంత సైట్ దీని మీదే ఉంది. మొదటిరోజు మాత్రం రాసిన పోస్టు కనిపించక గంటసేపు జుట్టు పీక్కున్నా, తీరా చూస్తే ఫైల్ పైన డ్రాఫ్ట్ అన్న చోట ట్రూ అని ఉంది, అంటే చిత్తుప్రతి అనుకుని పక్కన పెట్టేసింది.

ఆ ఊపులో స్నేహితుడికీ ఒక సైట్ హ్యూగోలో చేసిచ్చా. ఫైళ్లలో మార్పులు దాచి సైట్‌కి పంపే గిట్ నేర్చుకుంటా అన్నాడు. రెండు నెలలు గడిచినా ప్రతి మార్పూ నాకే మెసేజ్‌లో పంపేవాడు, నేను ఫైల్లో అతికించేవాణ్ణి. 'ఫోన్ నంబరు మార్చాలిరా' అని అర్ధరాత్రి మెసేజ్ వచ్చిన వారమే దాన్ని వర్డ్‌ప్రెస్‌కి మార్చేశా.