విశాఖ, అరకు ట్రిప్: డ్రోన్ ఎక్కడ ఎగిరింది, వీడియో ఎక్కడ ఎడిట్ అయింది

విశాఖకి డ్రోన్ పట్టుకెళ్దాం అనుకునేవాళ్లకి ముందే ఒక మాట. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మీదుగా సముద్రంలోకి వెళ్లే షాట్ మీద ఆశ పెట్టుకోవద్దు. తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరది. నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఊరిని ఆనుకునే ఉంది, భీమిలి వైపు వెళ్తే ఐఎన్ఎస్ కళింగ. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్ డిజిటల్ స్కై తెరిచి చూస్తే సంగతి అర్థమవుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ లైసెన్స్ అడగరు కదా అని కొందరు ధైర్యం చేస్తుంటారు. లైసెన్స్ అక్కర్లేకపోయినా రెడ్ జోన్ రెడ్ జోనే.

అందుకే మేం ఊళ్లో డ్రోన్ బ్యాగ్‌లోంచి తీయలేదు. కైలాసగిరి మీద నుంచి ఫోన్‌తో తీసుకున్నాం. తెన్నేటి పార్క్ దగ్గర బీచ్ రోడ్డు వంపు తిరిగే చోటు అక్కణ్ణుంచి డ్రోన్‌తో తీసినట్టే పడుతుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అంతే, నేల మీద నుంచి ఫోనే. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. మధ్యాహ్నం తీస్తే ఆ ఎరుపంతా పాలిపోయి కనిపిస్తుంది, తర్వాత ఏ యాప్‌లో ఎంత దిద్దినా రాదు.

డ్రోన్ ఎగరేసింది అరకు దారిలో, తెలిసినవాళ్ల కాఫీ తోట దగ్గర. మ్యాప్‌లో గ్రీన్ అని చూసుకుని, తోటవాళ్లని అడిగాకే పైకి లేపాం. అక్కడి తాత కాసేపు దాన్నే చూసి, "ఏటి బాబూ, ఇది మా కాపంతా లెక్కెట్టేస్తాదా?" అన్నాడు. ఫోటోలకే తాతా అంటే ఆయనకి పెద్దగా నచ్చినట్టు లేదు.

డ్రోన్ మా బావమరిదిది, డీజేఐ మినీ 2. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపక ముందు కొన్నాడు. వాడి పట్టుదల ఒకటే: "బావా, వీడియో రాత్రికే స్టేటస్‌లో ఉండాలి." ఏ యాప్ వాడాలన్న చర్చ అక్కడ మొదలైంది. నాకు అర్థమైందేమిటంటే, కొత్తవాళ్లు యాప్‌లో ఎన్ని ఫీచర్లున్నాయో చూసేకన్నా ఎక్కడ కూర్చుని, దేని మీద ఎడిట్ చేస్తారో ముందు చూసుకోవాలి.

ఒక లెక్క చెప్తాను. ఈ డ్రోన్ 4కేలో సెకనుకి గరిష్ఠంగా 100 మెగాబిట్లు రాస్తుంది. ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ, అంటే నిమిషానికి దాదాపు 750 ఎంబీ. పది నిమిషాల వీడియో 7.5 జీబీ. 10 ఎంబీపీఎస్ వైఫై ఉన్న హోటల్లో దాన్ని అప్‌లోడ్ చేయాలంటే 100 నిమిషాలు పడుతుంది, అదీ మధ్యలో తెగకుండా ఉంటే. ఇక వీడియో మొత్తం ముందు అప్‌లోడ్ చేయమనే ఆన్‌లైన్ ఎడిటర్ల గురించి ట్రిప్‌లో ఆలోచించడం దండగ.

బీచ్‌కి దగ్గర్లో మేం దిగిన లాడ్జిలో వైఫై రిసెప్షన్ దాటి లోపలికి రాలేదు. ప్లగ్ పాయింట్ ఒకటే, అదీ టీవీ వెనకాల. డ్రోన్ బ్యాటరీలు, రిమోట్, ఫోన్లు వంతులవారీగా ఛార్జ్ చేశాం. రుషికొండ వైపు రిసార్ట్‌లో కిటికీ తీస్తే సముద్రమే. కానీ అద్దె ఎక్కువ, గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకునే బల్ల లేదు. భోజనానికి ప్రతిసారీ ఆటో ఎక్కాలి. అరకు హోమ్‌స్టేలో సిగ్నల్ అంతంతమాత్రం, కరెంటు పోయి వచ్చేది. అయినా వరండాలో పెద్ద చెక్క బల్ల, అడిగినప్పుడల్లా కాఫీ. పని ఎక్కువగా అయింది అక్కడే. మళ్లీ వెళ్తే ఊళ్లో బీచ్ వ్యూ మానేసి, ఎంవీపీ కాలనీలోనో సిరిపురంలోనో డైనింగ్ టేబుల్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుంటాను. బీచ్ ఎలాగూ దగ్గరే.

ఇక యాప్‌లు. బావమరిది ముందు లైట్‌కట్ తెరిచాడు. డీజేఐ వాళ్లు తమ డ్రోన్ వీడియోలకి సూచించేది అదే. క్లిప్పులు ఇస్తే తనే ముక్కలు కోసి, పాట వేసి ఇస్తుంది. స్టేటస్‌కి చాలు. కానీ లోయ మీద మబ్బు విడిపోయే షాట్‌ని అది సరిగ్గా మబ్బు విడిపోకముందే కోసేసింది.

కొత్తవాళ్లకి నేను చెప్పేది వీఎన్. ఫోన్‌లో ఉచితంగా వాడుకోవచ్చు, వాటర్‌మార్క్ (వీడియో మీద యాప్ ముద్ర) పడదు, 4కేలో ఎక్స్‌పోర్ట్ అవుతుంది. స్పీడ్ కర్వ్ ఉండటం డ్రోన్ షాట్లకి బాగా పనికొస్తుంది. మొదట్లో వేగంగా వెళ్లి, కొండ అంచు రాగానే నెమ్మదించేలా చేయొచ్చు. ఇన్‌షాట్ కూడా తేలికే, కాకపోతే ఉచితంగా వాడితే వాటర్‌మార్క్ గొడవ ఉంటుంది. యూట్యూబ్ పాఠాల్లో అందరూ చూపించే క్యాప్‌కట్ మన దేశంలో దొరకదు, ఆ పాఠాలు వదిలేయండి.

ఏ యాప్ అయినా ఒకటి చూసుకోండి. ఎగరేసేటప్పుడు డీజేఐ ఫ్లై యాప్ ఫోన్‌లో 720పీ కాపీ ఒకటి దాస్తుంది. అసలు 4కే ఫైల్ డ్రోన్‌లోని కార్డులో ఉంటుంది. ఫోన్‌లో కనిపించింది కదా అని ఆ కాపీనే ఎడిట్ చేస్తే టీవీలో మసకగా వస్తుంది. చిన్న కార్డ్ రీడర్ ఒకటి వెంట ఉంటే అసలు ఫైల్ నేరుగా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. ఇంకోటి, మినీ 2లో మైక్ లేదు. వీడియోకి శబ్దమే ఉండదు. అలల హోరు, అరకు సంతలో మాటలు ఫోన్‌లో విడిగా రికార్డ్ చేసుకుంటే పాట వేయకుండానే వీడియోకి ప్రాణం వస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు.

ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంటే క్లిప్‌చాంప్ అందులోనే ఉంటుంది. ఉచితంగా 1080పీ దాకా ఇస్తుంది, నేర్చుకోవడానికి గంట చాలు. ఫిల్మోరా చూడ్డానికి బాగుంటుంది కానీ డబ్బు కట్టకపోతే వీడియో మీద ముద్ర పడుతుంది. దావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ముద్ర లేదు, 4కే ఎక్స్‌పోర్ట్ ఉంది, రంగులు దిద్దడంలో మిగతావి దాని దరిదాపుల్లోకి రావు. కానీ 16 జీబీ ర్యామ్ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం క్లిప్పుల తేలికపాటి కాపీలు) చేసుకున్నాక గానీ కదల్లేదు. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) మొదటే సరిచూసుకోవాలి, క్లిప్పులు వేశాక మార్చనివ్వదు. ఇంటికొచ్చాక తీరిగ్గా చేసుకునే పని అది, ట్రిప్‌లో కాదు.

ఫోటోలకైతే స్నాప్‌సీడ్‌తో మొదలుపెట్టండి. పూర్తిగా ఉచితం, డీఎన్‌జీ ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే రా ఫోటో) కూడా తెరుస్తుంది. సముద్రం ఫోటోల్లో ముందు నీటి గీత వంకర తీయాలి, రంగుల సంగతి తర్వాత. విశాఖ గాలిలో తేమ వల్ల దూరపు కొండలు తెల్లగా వెలిసిపోయి వస్తాయి. దానికి లైట్‌రూమ్‌లో డీహేజ్ అనే స్లైడర్ ఉంది, కొంచెం జరిపితే చాలు, ఎక్కువైతే ఆకాశం మురికిగా కనిపిస్తుంది. లైట్‌రూమ్ మొబైల్‌లో రా ఫైళ్లు దిద్దాలంటే నెలనెలా కట్టాలి. కట్టడం ఇష్టం లేనివాళ్లకి కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ ఉంది. ఉచితమే, పొగమంచు తగ్గించే పనీ చేస్తుంది, కానీ మొదటిసారి తెరిస్తే తల తిరుగుతుంది.

వెళ్లేటప్పుడు విమానమైతే డ్రోన్ బ్యాటరీలు చెక్‌ఇన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి బ్యాగ్‌లోనే ఉంచుకోవాలి. వచ్చాక వీడియో ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలుగా పంపితే నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.