నీరు తీసే మాత్రలు: వాడిన మనిషి మాట

బీపీకి, ఒంటికి పట్టే నీటికి డాక్టర్లు రాసే మాత్రల్లో మూడు రకాలు వాడాను. క్లోర్థాలిడోన్ చాలా ఏళ్లు వాడాను. ఇప్పుడు టోర్సెమైడ్, దానికి తోడు స్పైరనోలాక్టోన్ నడుస్తున్నాయి. మందుల షాపులో మూడింటినీ ‘నీరు తీసే మాత్ర’ అనే అంటారు. వాడి చూస్తే దేని స్వభావం దానిదే. పదో తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి విసర్జన పాఠం చెప్పి, బోర్డు మీద నెఫ్రాన్ (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టం) బొమ్మ వేసినదాన్ని కాబట్టి నాకు ఆ తేడా బొమ్మలోనే కనిపిస్తుంది. ఆ గొట్టంలో టోర్సెమైడ్ పనిచేసేది హెన్లీ శిక్యం అనే వంపులో, క్లోర్థాలిడోన్ దూరస్థ సంవళిత నాళంలో, స్పైరనోలాక్టోన్ ఇంకా కింద సంగ్రహణ నాళం దగ్గర. ఉప్పును తిరిగి రక్తంలోకి చేరనివ్వకపోవడం మూడింటి పనీను. ఉప్పు వెంట నీరు దానంతట అదే పోతుంది.

వీటి జోలికి రాకముందు బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేదాన్ని. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు. నీరు పట్టిందేమో, దానికో మాత్ర రాయమని డాక్టరు గారిని అడిగితే నవ్వి, ‘‘అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదమ్మా, ఆ మందు సన్న రక్తనాళాలను వెడల్పు చేయడం వల్ల నీరు బయటికి ఊరుతోంది. నీరు తీసే మాత్రతో పెద్దగా లొంగదు’’ అని మందే మార్చారు. కాళ్లు వాచాయని షాపులో అడిగి ఈ మాత్రలు కొనుక్కునే వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాపు గుండె వల్లా, కిడ్నీ వల్లా, కాలేయం వల్లా, వేసుకుంటున్న మరో మందు వల్లా రావచ్చు. కారణం తేలకుండా నీరు తీయడం మొదలుపెట్టకూడదు.

అలా వచ్చింది టెల్మిసార్టన్ అనే మరో బీపీ మందు 40 మిల్లీగ్రాములు, క్లోర్థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర. మొదటి వారాల్లో చుక్కలు కనిపించాయి. పొద్దున్నే మాత్ర వేసుకుని గంటన్నర బస్సు ప్రయాణం, దిగాక ఆటో, ఆ పైన పిల్లలకూ టీచర్లకూ కలిపి ఒకటే మరుగుదొడ్డి ఉన్న బడి. ఈ మందు గురించి ఏ డాక్టరూ అడగని ప్రశ్న ఒకటుంది: మీరు పనిచేసే చోట మరుగుదొడ్డి ఉందా? ఆడవాళ్లు చాలామంది ఈ మాత్ర మధ్యలో మానేసేది దాని కోసమే, పైకి చెప్పరు అంతే. కొన్ని వారాలు ఓర్చుకుంటే ఆ తాకిడి తగ్గుతుంది. శరీరం కొత్త లెక్కకు సర్దుకుంటుంది, మూత్రం దాదాపు మామూలుగానే వస్తుంది, బీపీ మాత్రం తగ్గే ఉంటుంది. అప్పటి నుంచి పనిచేసేది నీరు పోవడం ఒక్కటే కాదు, రక్తనాళాల బిగువు సడలడం కూడా. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే నేను అంత విసుక్కునేదాన్ని కాదు.

బీపీ విషయంలో దీనికి వంక పెట్టను. చవక మందు కదా అని చిన్నచూపు అక్కర్లేదు. 2002లో వెలువడిన ఆల్‌హాట్ అనే పెద్ద అధ్యయనంలో 33 వేల మందికి పైగా పాల్గొన్నారు. గుండెపోటును ఆపడంలో క్లోర్థాలిడోన్ అప్పటి కొత్త మందులకు ఏమీ తీసిపోలేదు. గుండె వైఫల్యాన్ని తగ్గించడంలో ఆమ్లోడిపిన్ కంటే మెరుగ్గానే నిలిచింది. నాకు రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, యూరిక్ యాసిడ్ కాస్త పైకి జరిగింది. ఈ రెండూ ఈ జాతి మందులకు మామూలే. షుగరు ఉన్నవాళ్లు దాన్ని కూడా ఒక కంట కనిపెట్టి ఉండాలి.

అసలు దెబ్బ సోడియం దగ్గర తగిలింది. రిటైరయ్యాక ఒక మే నెలలో నాలుగు రోజులుగా వికారం, అడుగు తడబడటం, మాట్లాడుతూ మాట్లాడుతూ పేర్లు మరిచిపోవడం. వడదెబ్బ అనుకుని ఇంట్లో అందరూ నీళ్లు, పల్చటి మజ్జిగ తెగ తాగించారు. మా కోడలు, ‘‘అత్తయ్యా, మీరు ఉదయం అడిగిందే మళ్లీ అడుగుతున్నారు’’ అని పట్టుబట్టి రక్తపరీక్ష చేయించింది. సోడియం 124. ఉండాల్సింది 135 నుంచి 145. ఉన్న కాస్త ఉప్పూ మాత్రతో, చెమటతో పోతుంటే తాగిన నీళ్లన్నీ మిగిలినదాన్ని ఇంకా పల్చన చేశాయి. ఆస్పత్రిలో చేర్చుకుని నెమ్మదిగా సరిచేశారు. తొందరపడి పెంచితే మెదడుకు ప్రమాదమట. వయసు మీద పడిన, బక్కపల్చటి ఆడవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. నేను ఆ వర్ణనకు అచ్చుగుద్దినట్టు సరిపోతాను. క్లోర్థాలిడోన్‌కు అక్కడితో స్వస్తి, టెల్మిసార్టన్ మాత్రం విడిగా సాగుతోంది.

ఆ తర్వాత రెండేళ్లకు గుండె పంపింగ్ తగ్గింది. నాకు మొదట తెలిపింది మెట్టెలు. ఎప్పుడూ వదులుగా తిరిగేవి వేలికి బిగుసుకుపోయి, సబ్బు నురగ పెట్టినా రాలేదు. బొటనవేలితో ముంగాలి ఎముక మీద నొక్కితే గుంట పడి, తీసిన తర్వాత కూడా కాసేపు అలాగే ఉండేది. పడుకుంటే ఆయాసం. అప్పుడు రాశారు టోర్సెమైడ్.

దీనికి సర్దుకుపోవడం తెలియదు. వేసుకున్న గంటలో మొదలుపెడుతుంది, మధ్యాహ్నం దాకా మనల్ని బయటికి కదలనివ్వదు. అయితే దాని వేళ మనకు తెలుసు, అదే సౌకర్యం. ముహూర్తం పదింటికైతే ఇంటికి వచ్చాకే వేసుకోవచ్చని డాక్టరు గారు చెప్పారు, సాయంత్రం నాలుగు దాటితే మాత్రం వద్దన్నారు, రాత్రంతా నిద్ర ఉండదు కాబట్టి. ఇదే జాతికి చెందిన పాతకాలపు ఫ్యూరోసెమైడ్ పేగుల్లోంచి ఒకరికి ఒకలా, మరొకరికి మరోలా ఒంటికి పడుతుంది. టోర్సెమైడ్ ఆ విషయంలో నిలకడ. అలాగని అది మేలురకం అని ఎవరైనా దబాయిస్తే నమ్మకండి. రెండింటినీ పోల్చి 2023లో వెలువడిన పరిశోధనలో ప్రాణాలు నిలపడంలో తేడా ఏమీ కనిపించలేదు.

మా ఇంట్లో ఈ మందుకు జోడు బరువు చూసే యంత్రం. లేచి, ఒంటికి వెళ్లొచ్చి, కాఫీకి ముందు బరువు చూసి క్యాలెండరులో ఆ తేదీ పక్కనే రాస్తాను. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయమన్నారు. అంత త్వరగా కొవ్వు పెరగదు, అది నీరే. పెళ్లి భోజనంలో ఊరగాయ, అప్పడం, సాంబారు కానిచ్చిన మర్నాడు క్యాలెండరు ఆ సంగతి చెప్పేస్తుంది.

స్పైరనోలాక్టోన్ 25 గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. మగవాళ్లలో కొందరికి ఛాతీ పెరిగి నొప్పి పుడుతుంది. అలాంటివాళ్లకు దీని బదులు ఇదే జాతి మందు ఎప్లెరినోన్ ఇస్తారు. దీని తిరకాసంతా పొటాషియం. మిగతా రెండూ పొటాషియాన్ని బయటికి తోలేస్తే ఇది పట్టి ఉంచుతుంది, టెల్మిసార్టన్ కూడా అంతే. కనుక పరామర్శకు వచ్చేవాళ్లు తెచ్చే, పొటాషియం దండిగా ఉండే కొబ్బరి బోండాలు నాకు పనికిరావు. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. బీపీ ఉందని మా బంధువు ఒకరు ప్రేమగా తెచ్చిచ్చిన ఆ ప్యాకెట్టును పనిమనిషికి కూడా ఇవ్వలేదు, ఆవిడకూ బీపీ మాత్రలున్నాయి.

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ అడగడం మానేశాను. టెల్మిసార్టన్, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకచోట చేరితే కిడ్నీ దెబ్బతింటుందని చెప్పారు. విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఈ మాత్రలు ఆపాలా వద్దా అని ఆ రోజే ఫోను చేసి అడుగుతాను. మోతాదు మారిన ప్రతిసారీ వారం పది రోజుల్లో సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించుకుంటాను. మందుల ఖర్చు కంటే ఆ పరీక్షల ఖర్చే ఎక్కువ, జనఔషధి దుకాణంలో కొంటే మరీను. షాపులో స్ట్రిప్పును కత్తెరతో కోసి పేరున్న ముక్క తమ దగ్గరే ఉంచుకుంటే మాత్రం ఒప్పుకోకండి. నా మూడు తెల్ల మాత్రలూ పళ్లెంలో పోస్తే ఏది ఏదో నాకే తెలియదు.