పెరట్లో పిట్టలా, చెరువు మీద కొంగలా: ఫాల్గుణంలో ఏది మేలు?

ఫిబ్రవరి సగం దాటిందంటే మా గుంటూరులో ఎండ చురుక్కుమంటుంది. పక్షులు చూడాలన్న సరదా కొత్తగా పుట్టినవాళ్ళు అడిగేది ఒకటే. పెరట్లో కూర్చోవాలా, చెరువు గట్టుకి వెళ్ళాలా?

కొత్తవాళ్ళకి పెరడే మేలంటాను. పెరడు లేకపోతే డాబా మీద నాలుగు కుండీలు చాలు. ఊదారంగు తేనెపిట్టనే (పర్పుల్ సన్‌బర్డ్) తీసుకోండి. చలికాలంలో మగది కూడా ఆడదానిలా పసుపు పొట్టతోనే ఉంటుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లచార తప్ప. వసంతం వచ్చేసరికి ఒంటి మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు తేలతాయి. చూస్తుండగానే ఒళ్ళంతా నలుపెక్కి, ఎండ పడితే నీలంగా మెరుస్తుంది. పొడుగాటి మందార పువ్వు దొరికితే లోపలికి ముక్కు పెట్టదు, తొడిమ దగ్గర చిల్లు పొడిచి తేనె లాగేస్తుంది. ఈ మార్పంతా రోజూ అదే కొమ్మ వైపు చూసేవాళ్ళకే కనిపిస్తుంది, నెలకోసారి చెరువుకి వెళ్ళేవాళ్ళకి కాదు.

చెరువు దగ్గర తిప్పలు వేరు. బాతులు ఎక్కడో నడిమధ్యన ఉంటాయి, 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే) బైనాక్యులర్ లేకపోతే అన్నీ ఒకేలా నల్లగా కనిపిస్తాయి. పొద్దున వెళ్తే తూర్పు గట్టున నిలబడండి. సూర్యుడు వీపు వైపు ఉంటేనే రంగులు తెలుస్తాయి. నేను మొదటిసారి పడమటి గట్టున నిలబడి రెండు గంటలు కళ్ళు చికిలించుకున్నాను.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో మాత్రం ఈ తిప్పలేవీ లేవు. ఊరి చెరువులోని చెట్ల మీదే గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. బైనాక్యులర్ అక్కర్లేదు. గూడబాతు పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం ఒక్కసారి చూస్తే, ఇంటికి రాబుద్ధి కాదు.

ఇంకో విషయంలోనూ చెరువుదే పైచేయి. కొల్లేరుకి చలికాలం గడపడానికొచ్చే సూదితోక బాతుల్లాంటివి ఎండలు ముదిరేలోపు ఉత్తరానికి వెళ్ళిపోతాయి. ఉగాది దాటాక వెళ్తే మళ్ళీ శీతాకాలం దాకా ఆగాల్సిందే. తేనెపిట్ట ఎక్కడికీ పోదు. అందుకే ఈ ఆదివారం తెల్లవారుజామునే చెరువుకి బయల్దేరండి. సోమవారం నుంచి పెరట్లో నీడపట్టున పిట్టల కోసం వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పోసి, కాఫీ తెచ్చుకుని కూర్చోండి.